తెర ఖాళీ... ఆకాశం కాదు!

అక్టోబరు నెలాఖరు. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్‌డా జిల్లా, బిల్లింగ్ కొండ. సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. ఉదయం పదిన్నర దాటింది. గడ్డి వాలు నిండా ఎరుపు, పసుపు, నీలం రెక్కలు పరిచి ఉన్నాయి. వెనక ధౌలాధార్ శిఖరాల మీద కొత్త మంచు మెరుస్తోంది. లోయలో నేల వేడెక్కిందన్న కబురు ముందుగా తెలిసేది రాబందులకే. రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ, చూస్తుండగానే టేకాఫ్ కన్నా పైకి వెళ్లిపోయాయి. వాటిని చూసి పైలట్లలో కదలిక మొదలైంది.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు ఒక మూల హార్నెస్‌లు బిగించుకుంటున్నారు. పెద్దాయన చూపు చిన్నవాడి ఒళ్లో ఉన్న పరికరం మీద పడింది.

“ఏంటి తమ్ముడూ, నీ స్క్రీన్ మీద ఏమీ లేదు?”

“లేకపోతేనే బాగుంది కదన్నా, నీట్‌గా ఉంది. నీ దాంట్లో చూడు, అన్నీ ఎర్ర గీతలే.”

“ఆ గీతలు లేకుండా ధర్మశాల దాకా ఎలా పోదామనుకున్నావు? గగ్గల్ ఎయిర్‌పోర్టు ఎటుందో తెలుసా?”

“జీపీఎస్ ఉందిగా అన్నా...”

“నువ్వెక్కడున్నావో జీపీఎస్ చెబుతుంది. ఎక్కడ ఉండకూడదో చెప్పాల్సింది ఫైలు. రాత్రే వేసుకోమన్నాను కదరా!”

సీజన్‌లో బిల్లింగ్ మీద ఇలాంటి సంభాషణ ఏదో ఒక భాషలో వినిపిస్తూనే ఉంటుంది. ఇంజిన్ లేకుండా, గాలినే నమ్ముకుని పదుల కిలోమీటర్లు ఎగిరే వీళ్లను ‘ఫ్రీ ఫ్లైట్’ పైలట్లంటారు. పారాగ్లైడర్లు, హ్యాంగ్ గ్లైడర్లు అన్నమాట. పేరులో స్వేచ్ఛ ఉందిగానీ వాళ్లు ఎగిరే ఆకాశం నిండా గీతలే. కంటికి కనపడని ఆ గీతల్ని కళ్ల ముందుంచేది ఒక చిన్న ఫైలు. కొన్ని కిలోబైట్ల నుంచి కొన్ని మెగాబైట్ల దాకా ఉండే మామూలు టెక్స్ట్ ఫైలు.

నోటామ్... టీవీలు నేర్పిన మాట

గగనతలం అనే మాట మొన్నటిదాకా విమానయాన శాఖవాళ్లదే. 2025 మే నెలలో అది ఇంటింటి మాట అయింది. ఆపరేషన్ సిందూర్ తర్వాత ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాల్ని తాత్కాలికంగా మూసేస్తూ నోటామ్‌లు వెలువడ్డాయి. గాల్లో ఎగిరేవారికి అధికారులు ఇచ్చే తక్షణ హెచ్చరికనే నోటామ్ అంటారు. ఆ 32 పేర్లలో బిల్లింగ్‌కు దగ్గర్లోని కాంగ్‌డా-గగ్గల్ కూడా ఉంది, మనాలీ వెళ్లేవాళ్లు దిగే భుంతర్ కూడా ఉంది. భారత్, పాకిస్థాన్‌లు ఒకరి విమానాలకు ఒకరు గగనతలాన్ని మూసేసి, గడువును నెలనెలా పొడిగిస్తూ వచ్చాయి. ఇక మన దగ్గర తిరుమల కొండ మీదుగా విమానం వెళ్లిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ నో ఫ్లై జోన్ చర్చ మొదలవుతుంది. ఆ హోదా ఇవ్వాలని టీటీడీ కేంద్రాన్ని పలుమార్లు కోరింది.

ఈ వార్తలు వింటుంటే ఒక ప్రశ్న వస్తుంది. విమానానికైతే రేడియో ఉంటుంది, రాడార్ మీద కనిపిస్తుంది, ‘అటు వెళ్లొద్దు’ అని చెప్పే కంట్రోలర్ ఉంటాడు. నైలాన్ గుడ్డ కింద దారాలకు వేలాడుతూ వెళ్లే మనిషికి ఎవరు చెబుతారు? చాలా సందర్భాల్లో ఎవరూ చెప్పరు. తనే ముందు రోజు తెలుసుకుని, తన పరికరానికి తనే చెప్పిపెట్టుకోవాలి.

ఆ పరికరం పేరు వేరియోమీటర్. వాడేవాళ్లు ముద్దుగా వేరియో అంటారు. లోపలి పీడన సెన్సర్ గాలి ఒత్తిడిలో అతి చిన్న మార్పునూ పసిగడుతుంది. పైకి లేస్తుంటే టిక్ టిక్‌మంటూ వేగం పెంచుతుంది, కిందికి జారుతుంటే బొంగురుగా మూలుగుతుంది. థర్మల్‌లో, అంటే వేడెక్కి పైకి లేచే గాలిలో ఉన్నామో లేదో ఒంటికి తెలియకపోయినా చెవికి తెలుస్తుంది. ఒకప్పుడు దాని పని అంతవరకే. జీపీఎస్, పటాలు చేరాక అదే చిన్న కంప్యూటర్‌గా మారింది. పోర్చుగల్‌లో తయారయ్యే ఫ్లైమాస్టర్, స్లొవేనియా నుంచి వచ్చే నావిటర్ ఔడీ, జర్మనీ వారి స్కైట్రాక్స్, ఫ్రాన్స్ వారి సైరైడ్... పైలట్ల ఒళ్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్లో ఎక్స్‌సీట్రాక్ యాప్ వేసుకుంటారు.

గీతలు ఎలా ఉంటాయి?

పెద్ద విమానాశ్రయం చుట్టూ ఉండే గగనతలం ఆకారం చూస్తే, గోపురాన్ని తలకిందులు చేసి నిలబెట్టినట్టుంటుంది. రన్‌వే దగ్గర నేల నుంచే మొదలయ్యే చిన్న వలయం, దాని మీద ఇంకా వెడల్పుగా మరో అంతస్తు, ఆపైన మరొకటి. దిగే విమానాలు దూరం నుంచి వాలుగా వస్తాయి కాబట్టి ఆ ఆకారం. పారాగ్లైడర్ కింది అంతస్తు పక్క నుంచి వెళ్లినా, పై అంతస్తు కింద నుంచి వెళ్లినా తప్పులేదు. చిక్కల్లా ఏ అంతస్తు ఎక్కడ మొదలవుతుందో తెలియడంలోనే ఉంది.

అంతర్జాతీయంగా గగనతలాన్ని ‘ఏ’ నుంచి ‘జీ’ దాకా ఏడు తరగతులుగా విడదీశారు. కొన్నింట్లోకి కంట్రోలర్ అనుమతి లేనిదే అడుగుపెట్టకూడదు. అన్నిటికన్నా దిగువన ఉండే ‘జీ’లో తిరగడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఇవికాక నిషిద్ధ, నియంత్రిత, ప్రమాదకర ప్రాంతాలు వేరే. దిల్లీలో రాష్ట్రపతి భవన్ పరిసరాల మీది ఆకాశం నిషిద్ధ ప్రాంతానికి ఉదాహరణ.

బిల్లింగ్ విషయానికే వద్దాం. అక్కడ లేచినవాళ్లు ధౌలాధార్ అంచు పట్టుకుని పడమటికి, ధర్మశాల వైపు వెళ్లడం ఎంతోమంది కల. బీడ్ గ్రామం నుంచి గగ్గల్ రన్‌వే సరళరేఖలో సుమారు 45 కిలోమీటర్లు. బయల్దేరేటప్పుడు అది చాలా దూరమే అనిపిస్తుంది. తీరా ధర్మశాల మీదికి చేరేసరికి అదే రన్‌వే ఎనిమిది కిలోమీటర్ల లోపుకు వచ్చేస్తుంది. విజయం దక్కిందని కేక పెట్టే చోటే జాగ్రత్త పడాల్సిన చోటు కూడా.

పైగా పారాగ్లైడర్ నేరుగా వెళ్లదు. థర్మల్‌లో గిరికీలు కొడుతూ ఎత్తు సంపాదించుకుంటుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తుంటే, పది నిమిషాలు తిరిగేసరికి మూడు కిలోమీటర్లకు పైగా పక్కకు కొట్టుకుపోతుంది. పైలట్ అటు తిప్పలేదు, గాలే తీసుకెళ్లింది. పైకి లేవడమూ అంతే. బలమైన థర్మల్ సెకనుకు ఐదు మీటర్ల చొప్పున ఎత్తుతుంటే నిమిషానికి 300 మీటర్లు. పైన గగనతలం అంచు ఉందని అప్పుడు తెలిస్తే, రెక్క రెండు కొసలు మడిచి ‘బిగ్ ఇయర్స్’ వేసినా, థర్మల్ వదిలి పారిపోయినా ఆలస్యమైపోవచ్చు. అందుకే పరికరం గీత దాటాక అరవడం కాదు, దాటకముందే అరవాలి.

> ఫైల్లో ఏముంటుంది?
>
> ఎక్కువ పరికరాలు చదివే ఫార్మాట్ పేరు ఓపెన్ ఎయిర్. 1990ల్లో ఇంజిన్ లేని గ్లైడర్ విమానాల కోసం వచ్చిన విన్‌పైలట్ సాఫ్ట్‌వేర్ దానికి పుట్టిల్లు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎవరైనా చదవొచ్చు.
>
> ‘ఏసీ’ అని మొదలైన వరస తరగతి చెబుతుంది. ‘ఏఎన్’ అంటే ఆ ప్రాంతం పేరు. ‘ఏఎల్’ నేల వైపు అంచు, ‘ఏహెచ్’ పైకప్పు. ‘డీపీ’ అని ఉన్న ప్రతి వరసలో ఒక అక్షాంశం, ఒక రేఖాంశం. అవన్నీ కలిపితే గీత. వృత్తమైతే కేంద్రం చెప్పి ‘డీసీ’ వరసలో వ్యాసార్ధం ఇస్తారు, అదీ నాటికల్ మైళ్లలో. అక్కడ 5 అని ఉంటే అయిదు కిలోమీటర్లు కాదు, 9.26 కిలోమీటర్లు! నక్షత్రం గుర్తుతో మొదలైన వరసలు మనుషులు చదువుకోవడానికి, యంత్రం వాటిని పట్టించుకోదు.

కాపీ, పేస్ట్... ఆ తర్వాత?

ఫైలు వేసుకోవడం మాటకొస్తే కష్టమేమీ లేదు. కొన్ని పరికరాలు వైఫై తగిలితే వాటంతటవే దించుకుంటాయి. కొన్నింటిని కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే పెన్‌డ్రైవ్‌గా తెరుచుకుంటాయి, సరైన ఫోల్డర్‌లో ఫైలు పడేసి మెనూలో ఎంచుకోవాలి. ఇంకొన్నింటికి కంపెనీ ఇచ్చిన సొంత సాఫ్ట్‌వేర్ ద్వారానే ఎక్కించాలి. యాప్ అయితే దేశం పేరు మీద టిక్ పెడితే చాలు.

ఇబ్బందంతా ‘లోడ్ అయింది’ అని చూపించాక మొదలవుతుంది. పాత పరికరాల్లో జ్ఞాపకశక్తి తక్కువ. దేశం మొత్తం ఫైలు వేస్తే కొంత మింగి, మిగతాది వదిలేస్తాయి. వదిలేశామని చెప్పవు. ఒక ఊరి పేరులో పరికరానికి తెలియని అక్షరం ఉన్నా, అక్షాంశంలో ఒక కోలన్ తప్పిపోయినా ఆ ప్రాంతం ఒక్కటే నిశ్శబ్దంగా మాయమవుతుంది. వంపు తిరిగిన గీతల్లో ఇంకో తమాషా ఉంది. చాపం గడియారం ముల్లు తిరిగే దిశలోనా, ఎదురు దిశలోనా అని చెప్పేది ఒకే ఒక్క ప్లస్సో మైనస్సో. అది తారుమారైతే విమానాశ్రయం ఒకచోట, దాని గీత మరోచోట తేలతాయి.

అందుకే అనుభవజ్ఞులు ఫైలు వేశాక పటాన్ని కదిలించి, తమకు బాగా తెలిసిన ఒక విమానాశ్రయాన్ని తెర మీద వెతుకుతారు. దాని చుట్టూ గీత ఉందా, ఎత్తులు సరిగా చూపిస్తోందా అని చూసుకుంటారు. తెర మీద గీతలు లేవంటే రెండే అర్థాలు. అక్కడ నిజంగానే ఏ ఆంక్షా లేదు. లేదా ఉంది, మన పరికరానికి తెలియదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. డిజైనర్లు ఇన్ని రంగులు, ఇన్ని శబ్దాలు పెట్టారుగానీ, ‘ఇక్కడి సంగతి నాకు తెలియదు’ అని ఒప్పుకొనే తెర ఒక్కటీ ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాదు. తెలియని చోట బూడిదరంగు పూసినా చాలు కదా!

ఎత్తు సరే, దేని నుంచి?

కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఒక ప్రాంతం అంచును సముద్రమట్టం నుంచి చెబుతారు. ఇంకోదాన్ని నేల నుంచి చెబుతారు. కొండల్లో నేల ఎత్తు అడుగడుగునా మారుతుంది కాబట్టి, పరికరంలో భూమి ఎగుడుదిగుళ్ల పటం కూడా లేకపోతే ఆ లెక్క తేలదు. మూడోది ఫ్లైట్ లెవెల్. అది అసలు ఎత్తే కాదు, పీడనం. 1013.25 హెక్టోపాస్కల్ దగ్గర సున్నా అనుకుని అక్కడి నుంచి లెక్కించేది. ఫ్లైట్ లెవెల్ 100 అంటే పదివేల అడుగులని పుస్తకం చెబుతుంది. కానీ అల్పపీడనం కమ్మి సముద్రమట్టం దగ్గర పీడనం 993కు పడిపోయిన రోజున ఆ గీత 160 మీటర్లకు పైగా కిందికి దిగివస్తుంది. నిన్న సురక్షితంగా ఎగిరిన ఎత్తులోనే ఇవాళ ఎగిరినా తప్పు చేసినవారవుతారు.

జీపీఎస్ ఎత్తుతో మరో చిక్కుంది. ఉపగ్రహాలు లెక్కించేది భూమికి గణితం గీసిన నున్నటి ఆకారం నుంచి. నిజమైన సముద్రమట్టం దానికి కొన్నిచోట్ల పైన, కొన్నిచోట్ల కింద ఉంటుంది. ఆల్ప్స్ పర్వతాల దగ్గర సుమారు 50 మీటర్లు పైన. మన హైదరాబాద్, బెంగళూరు ప్రాంతాల్లో 70 మీటర్లకు పైనే కింద. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో అది వంద మీటర్లు దాటి, ప్రపంచంలోనే అతి లోతైన పల్లంగా మారుతుంది. మంచి పరికరాలు ఈ తేడాను సరిచేసే చూపిస్తాయి. సరిచేయనిది చేతికొస్తే మాత్రం ఆల్ప్స్‌లో అది అసలు ఎత్తు కన్నా ఎక్కువ చూపించి పైలట్‌ను ముందే ఆపుతుంది. దక్కన్‌లో తక్కువ చూపించి, ఇంకా 70 మీటర్లు ఎక్కొచ్చని ఆశపెడుతుంది. ఒకే లోపం అక్కడ కాపాడుతుంది, ఇక్కడ ముంచుతుంది. విదేశీ సమీక్ష చదివి పరికరం కొనే మనవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇది.

గీత దాటిన ఆ ఆదివారం

ఇంత చాదస్తం ఎందుకంటారా? 1986 ఆగస్టు 31, ఆదివారం. అమెరికాలో లాస్ ఏంజెలిస్ శివారు సెరిటోస్. భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని ఒకాయన చిన్న పైపర్ విమానంలో కొండప్రాంతానికి బయల్దేరాడు. దారిలో, అనుమతి లేకుండా ప్రవేశించకూడని గగనతలంలోకి విమానం వెళ్లిపోయింది. అదే సమయంలో ఏరోమెక్సికో డీసీ-9 దిగుతోంది. రెండూ ఢీకొన్నాయి. రెండింట్లోని 67 మంది, కింద ఇళ్లలో ఉన్న మరో 15 మంది చనిపోయారు. ఎదురుగా వస్తున్న విమానాన్ని పసిగట్టి హెచ్చరించే పరికరాలు అమెరికాలో తప్పనిసరి కావడానికి ఆ దుర్ఘటనే ప్రధాన కారణమైంది. పైపర్‌లోని ఆ ముగ్గురికీ గీత ఎక్కడుందో చూపించే తెర లేదు.

ఇటీవలిది ఇంకొకటి. 2021 డిసెంబరు 21న టెక్సస్‌లోని ఫుల్షియర్ దగ్గర సరకు తీసుకెళ్తున్న సెస్నా విమానం, మోటారు బిగించిన పారాగ్లైడర్‌ను ఢీకొంది. ఇద్దరు పైలట్లూ మరణించారు. పారాగ్లైడర్‌ను గుడ్డ, దారాలేగా అనుకుంటాం, ఆ గుడ్డకు వేలాడే మనిషి బరువు, మోటారు బరువు విమానాన్ని కూల్చడానికి సరిపోతాయి.

ప్రాణం మీదికి రాకపోయినా శిక్షలు తప్పవు. పోటీల్లో గగనతలం ఉల్లంఘిస్తే ఆ రోజు స్కోరు సున్నా కావచ్చు. ఆల్ప్స్ పర్వతాల్ని నడిచీ ఎగిరీ దాటే ఎక్స్-ఆల్ప్స్ పందెంలో గంటల తరబడి ఆపేస్తారు. ఆన్‌లైన్ లీగుల్లో ఎంత గొప్ప ప్రయాణమైనా లెక్కలోంచి తీసేస్తారు. పైలట్ దబాయించడానికి వీల్లేదు, ఐజీసీ ఫైలు అనే నల్లపెట్టె అతని ఒళ్లోనే ఉంది. క్షణక్షణం ఎక్కడున్నాడో, పీడనం ప్రకారం ఎంత ఎత్తో, జీపీఎస్ ప్రకారం ఎంత ఎత్తో రెండూ రాసి పెడుతుంది.

28 రోజుల పంచాంగం

ప్రపంచవ్యాప్తంగా గగనతల మార్పులు ఒక లెక్క ప్రకారం అమలవుతాయి. 28 రోజులకోసారి, గురువారం నాడు. ఏడాదికి 13 సార్లన్నమాట. దేశాలన్నీ తమ అధికారిక సమాచార సంపుటిలో అక్షాంశ రేఖాంశాలతో సహా మార్పుల్ని ప్రకటిస్తాయి. అయితే అది రాసేది విమానాల కోసం. దాన్ని వేరియో చదివే భాషలోకి మార్చేది చాలాచోట్ల జీతం లేని మనుషులే. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, జర్మనీల్లో బలమైన పారాగ్లైడింగ్ సంఘాలున్నాయి. మిగతాచోట్ల ఓపెన్ ఏఐపీ లాంటి ఉమ్మడి ప్రయత్నాలే ఆధారం. పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి కూర్చుని ఒక్కో బిందువూ సరిచూసే ఔత్సాహికుడి కళ్ల మీద వేలమంది భద్రత ఆధారపడి ఉంది. అతను ఒక నెల జ్వరంతో పడుకుంటే? ఫైలు పాతదైపోతుంది, పరికరం మాత్రం అదే ధీమాతో చూపిస్తూ ఉంటుంది.

పాతబడితే ఏమవుతుందో చెప్పడానికి హైదరాబాదే చాలు. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. మార్చి 22 నాటి ఫైలుతో మరునాడు ఎగిరే మనిషిని ఊహించుకోండి. 2021లో కర్నూలు దగ్గర ఓర్వకల్లు నుంచి విమానాలు మొదలయ్యాయి. రేపు భోగాపురం వంతు. నేల మీద రన్‌వే పడిన ప్రతిసారీ ఆకాశంలో గీతలు మారతాయి.

ఫైలు తాజాదైనా అది చెప్పలేనివి కొన్నుంటాయి. స్విట్జర్లాండ్‌లో ఇంటర్లాకెన్ పక్కనే మైరింగెన్ సైనిక విమానాశ్రయం ఉంది. దాని గగనతలం ఎప్పుడు పనిచేస్తుందో ఫైల్లోని గీత చెప్పదు, అక్కడి పైలట్లు ఎగిరే ముందు కనుక్కుంటారు. అప్పటికప్పుడు వచ్చే నోటామ్‌దీ అదే కథ. వీఐపీ పర్యటనలు, సైనిక విన్యాసాలు, శ్రీహరికోట ప్రయోగాలు 28 రోజుల పంచాంగం కోసం ఆగవు.

> డ్రోన్లకు రంగులు
>
> డ్రోన్ నిబంధనలు-2021 వచ్చాక, అదే ఏడాది సెప్టెంబరు 24న కేంద్రం దేశ గగనతల పటాన్ని డిజిటల్ స్కై వేదిక మీద పెట్టింది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు. విమానాశ్రయం చుట్టూ 45 కిలోమీటర్ల దాకా ఉన్న పసుపు ప్రాంతాన్ని 12 కిలోమీటర్లకు తగ్గించారు. పెళ్లి వీడియో తీసే కుర్రాడు కూడా ఫోన్లో చూసుకుని డ్రోన్ లేపొచ్చు. ఈ పటంలో ఆకుపచ్చ ప్రాంతం నేల నుంచి 400 అడుగుల వరకే. వేల అడుగులు ఎగిరే పారాగ్లైడర్‌కు దాన్ని చూసి మురిసిపోతే ముప్పే.

మనవాళ్ల సంగతి

హైదరాబాద్ చుట్టూ చూడండి. దక్షిణాన శంషాబాద్, నడిబొడ్డున బేగంపేట, ఉత్తరాన హకీంపేట వైమానిక స్థావరం, వాయవ్యంలో దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. విశాఖలో విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగ ఆవరణలోనే ఉంది. ఎగరాలన్న సరదా పుట్టిన తెలుగు కుర్రాళ్లు పుణె దగ్గరి కామ్షెట్‌కో, బీడ్‌కో రైలెక్కడం అందుకే మామూలైంది. కామ్షెట్ కొండలేమీ గీతల్లేని చోటు కాదు. ఒకవైపు ముంబయి, మరోవైపు పుణెలోని లోహగావ్ వైమానిక స్థావరం.

ప్రభుత్వం 2022లో జాతీయ వాయుక్రీడల విధానం తెచ్చింది. పారాగ్లైడింగ్, హ్యాంగ్ గ్లైడింగ్, బెలూనింగ్, స్కైడైవింగ్ వగైరాలన్నీ దాని కిందికే వస్తాయి. వీటన్నిటికీ పెద్ద దిక్కుగా భారత వాయుక్రీడల సమాఖ్యను ప్రతిపాదించింది. 2015లో ప్రపంచకప్ పోటీకి ఆతిథ్యమిచ్చిన బీడ్-బిల్లింగ్ మనకుంది. పర్యాటక శాఖలు కొత్త కొండలు వెతుకుతున్నాయి. టికెట్ కౌంటర్లు, సెల్ఫీ పాయింట్లు ఎలాగూ వస్తాయి.

వాటికన్నా ముందు కావాల్సింది ఖరీదైనదేమీ కాదు. విమానాశ్రయాల ప్రాధికార సంస్థ దగ్గర అక్షాంశ రేఖాంశాలు ఎలాగూ ఉన్నాయి, వాటిని తన వెబ్‌సైట్లో ప్రచురిస్తూనే ఉంది. అదే సమాచారాన్ని వేరియో చదివే టెక్స్ట్ ఫైలుగా మార్చి, తేదీ వేసి, ప్రతి 28 రోజులకూ సమాఖ్య పేజీలో పెట్టాలి. తప్పు కనిపిస్తే చెప్పడానికి ఒక ఈమెయిల్ ఇవ్వాలి. డ్రోన్ల కోసం పటం గీసిన దేశానికి ఇది ఒక మధ్యాహ్నం పని.